నాలుగు వేళ్ళ కొలత

తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు గురువారం ఉదయం తన పొట్ట చుట్టూ టేపు వేసి కొలుచుకున్నాడు. తొంభై ఎనిమిది. ఆసుపత్రిలో చేరిన రోజు తొంభై ఒకటి. రెండు రోజులుగా నోట్లోకి నీళ్ళ చుక్క తప్ప ఏమీ పోలేదు, అయినా పొట్ట ఏడు సెంటీమీటర్లు పెరిగింది. ఏమీ వెయ్యకుండా కాటా ముల్లు కదిలితే ఆ కాటాలో ఏదో మోసం ఉన్నట్టే. ఈసారి ఆ మోసం తన కడుపులోనే ఉంది, సీలు వెయ్యడానికి లేదు.

జరిగింది ఏమిటంటే, అపెండిక్సు పగిలింది. రెండు రోజులు అజీర్తి అనుకుని పళ్ళ బిగువున ఓర్చుకుని, మూడో రోజు ఆఫీసులో ఐదు కిలోల రాయి ఎత్తబోయి అలాగే కూలబడ్డాడు. మంగళవారం ఆపరేషన్ చేశారు. బాగానే జరిగింది. కాకపోతే మత్తు దిగినా పేగులు మాత్రం మేలుకోలేదు. లోపల గాలి నిండిపోయి పొట్ట బిర్రబిగుసుకుపోయింది. వేలితో కొడితే మోగేట్టుంది. ఆ గాలి కిందికి పోతే తప్ప తిండి పెట్టరు.

డాక్టరు రోజుకు రెండుసార్లు వచ్చేవాడు. వచ్చీ రాగానే ఒకటే ప్రశ్న.

"గ్యాస్ పోయిందా?"

ఆ గొంతు వరండా చివర లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించేది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడేవి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో కట్టుకున్న భార్య ముందు కూడా ఆ విషయం ఎత్తని మనిషి ఆయన. ఇంట్లో అవసరం వచ్చినప్పుడల్లా, "ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూసొస్తా" అని మేడెక్కేవాడు. మన ట్యాంకు మీద ఈయనకి ఇంత శ్రద్ధేమిటా అని ఆవిడ మొదట్లో ఆశ్చర్యపోయింది గానీ, తరవాత అర్థం చేసుకుని ఊరుకుంది.

"వాయు విసర్జన ఇంకా జరగలేదండీ" అన్నాడు డాక్టరుతో, ఆఫీసు లేఖకు జవాబు రాసినట్టు.

"ఏం జరగలేదు?"

"అదే. మీరడిగినది."

"నడవండి. బాగా నడవండి" అని డాక్టరు వెళ్ళిపోయాడు.

సెలైను స్టాండు తోసుకుంటూ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. కుట్లు సలుపుతున్నాయి. అడ్డొచ్చిన ప్రతి ఆయా, ప్రతి వార్డుబాయ్ పలకరింపుగా అదే అడిగారు. ఇది చాలదన్నట్టు పదకొండింటికి ఆయన అక్కగారు ఫోన్ చేసింది. ఆవిడకి చెవుడు, ఫోన్లో అరిచి మాట్లాడుతుంది, అందుకని ఇన్‌స్పెక్టరు భార్య ఫోనెప్పుడూ చెవికి దూరంగా స్పీకర్లో పెడుతుంది.

"ఏమ్మా మరదలా, పోయిందా?" అంది అక్కగారు.

"ఇంకా లేదు వదినా."

"ఇంకా పోలేదా? అయ్యో! ఇన్నాళ్ళు పట్టకూడదే! ఎప్పుడు పోతుందో డాక్టర్లేమన్నా చెప్పారా?"

"రేపటికల్లా పోవచ్చన్నారు."

"త్వరగా పోతే బాగుణ్ణు. మీరిద్దరూ నలిగిపోతున్నారు. పోయిన వెంటనే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే!"

ఫోను పెట్టేశాక, అంతకు కాసేపటి ముందే వేరే వార్డు నుంచి ఒక రోగిని తెచ్చిన రెండో మంచం తెర వెనక నుంచి నాలుక చప్పరించిన శబ్దం వచ్చింది.

"ధైర్యంగా ఉండమ్మా" అంది ఒక మగ గొంతు, ఎంతో జాలిగా. "ఎవరూ, అత్తగారా? వయసెంత ఉంటుంది?"

ఆవిడకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది. "మనిషి కాదండీ. గ్యాసు. మావారికి" అంది ఎలాగో.

తెర వెనక మంచం కిర్రుమంది. తరవాత ఒక నవ్వు మొదలై, మధ్యలోనే "అమ్మో, కుట్లు! అబ్బా, కుట్లు!" అనే కేకలుగా మారింది. తెర పక్కకి జరిగింది. బొద్దుగా, బట్టతలతో ఉన్న ఒకాయన రెండు చేతులతో పొట్ట అదిమిపట్టుకుని, కళ్ళనీళ్ళతో నవ్వుతున్నాడు. అలా నవ్వుతూనే ఇన్‌స్పెక్టరు ముఖం చూశాడు. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"గ్రాముల సారు!" అన్నాడు.

మార్కెట్లో తనకి ఆ పేరుందని ఇన్‌స్పెక్టరుకి తెలుసు. తన మొహం మీద అనడం మాత్రం ఇదే మొదటిసారి. ఎదుటి మనిషిని ఆయనా గుర్తుపట్టాడు. మార్కెట్ మూలమీద పచారీ కొట్టు. ఏడేళ్ళ కిందట ఆ కొట్టు కాటా జప్తు చేసింది తనే. ఇప్పుడు ఇద్దరూ ఒకే రకం నీలం గౌన్లలో, వీపున నాడాలు సరిగ్గా కట్టుకోలేక, పక్కపక్క మంచాల మీద ఉన్నారు. కొట్టాయనకి పేగు మెలిక పడితే మంగళవారమే ఆపరేషన్ చేశారట. ఆయనకీ గాలి పోలేదు.

"తెర వెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టరు భార్యతో.

మధ్యాహ్నం రెండింటికి నర్సు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, చేతిగడియారం గుండె మీద వేలాడేసుకుని తిరిగే మనిషి. ఇద్దరి పొట్టలూ చూసి, తెర మళ్ళీ లాగేసి మధ్యలో నిలబడింది.

"ఆక్యుప్రెషర్ చేద్దామా? ఒంటిమీద కొన్ని పాయింట్లుంటాయి, అక్కడ వేలితో నొక్కి మసాజ్ చేస్తే పేగులు కదలడానికి సాయపడొచ్చు. నేను శిక్షణ తీసుకున్నాను, డాక్టరు గారూ సరేనన్నారు. పొట్ట జోలికి వెళ్ళం, కుట్లున్నాయి కదా. కాలి మీదే. అందరికీ పనిచేస్తుందని చెప్పను. నడక మానొద్దు, మందులూ మానొద్దు. వాటితో పాటు ఇది."

"నాకు చెయ్యమ్మా" అన్నాడు కొట్టాయన వెంటనే, కాలు చాపేసి. "తలకిందులుగా నిలబడమన్నా నిలబడతా. గ్లాసుడు టీ తాగి మూడు రోజులైంది."

నర్సు ఆయన మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి, చిటికెన వేలి పక్కన, ఎముకకి ఒక వేలెడు బయటికి, బొటనవేలితో నొక్కింది. "ఇక్కడ. జివ్వుమంటోందా?"

"అబ్బ! జివ్వుమంటోందమ్మా!"

తరవాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆయన అప్పటికే దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు.

"మోకాలి కింద ఎంత దూరంలో అన్నారు?"

"నాలుగు వేళ్ళు."

"ఎవరి వేళ్ళు?"

"మీకు చేస్తే మీ వేళ్ళ లెక్క. ఆయనకి చేస్తే ఆయన వేళ్ళ లెక్క."

"అంటే మనిషి మారితే కొలత మారుతుందన్నమాట."

"మనిషి మారితే కాలు కూడా మారుతుంది కదండీ."

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు పెట్టెలోంచి చిన్న స్టీలు స్కేలు తీశాడు. ఆసుపత్రికి వస్తూ పళ్ళ బ్రష్షు మర్చిపోయాడు గానీ ఇది మర్చిపోలేదు. భార్య చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ళ వెడల్పు కొలిచాడు. ఆరు పాయింట్ రెండు. తనది ఏడు పాయింట్ ఐదు. నర్సుది అడిగితే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒక సెంటీమీటరు మూడు మిల్లీమీటర్ల తేడా" అన్నాడు. "ఇలాంటి కొలత పెట్టుకుని బజార్లో గుడ్డ అమ్మితే నేను కేసు రాస్తాను. అలాంటిది నా కాలికెలా ఒప్పుకుంటాను?"

"ఏమండీ, ఆవిడ గుడ్డ అమ్మడం లేదండీ" అంది భార్య.

"కొలతంటే కొలతే."

నర్సు వాదించలేదు. ఇలాంటివాళ్ళని రోజూ చూస్తున్న మనిషి. "మనసు మారితే పిలవండి" అని వెళ్ళిపోయింది. కొట్టాయన మాత్రం ఆమె చూపించినట్టే సాయంత్రం దాకా పూటకింతసేపు తన కాలు తనే నొక్కుకున్నాడు. కాళ్ళు రెండూ నొక్కుకున్నాక లేచి నడిచేవాడు. నడిచొచ్చి మళ్ళీ నొక్కుకునేవాడు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకి, గోధుమ బస్తా నిలువునా చిరిగినట్టు ఒక శబ్దం వచ్చింది.

తెర వెనక నుంచి "అమ్మయ్య!" అన్న మాట వినిపించింది. ఆ మాటలో ఎంత సుఖం ఉందంటే, వింటున్న ఇన్‌స్పెక్టరుకి కళ్ళు చెమర్చాయి, అసూయతో. ఎనిమిదింటికి కొట్టాయనకి టీ ఇచ్చారు. తొమ్మిదింటికి పల్చటి సూపు ఇచ్చారు. ఆయన తాగిన ప్రతి గుక్కా ఈ మంచం దాకా వినపడింది. "ఉప్పు కొంచెం తగ్గింది గానీ, ఆహా!" అంటున్నాడు.

తొమ్మిదిన్నరకి డాక్టరు వచ్చి ఇన్‌స్పెక్టరు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, ఎంతసేపు విన్నా ఏమీ వినపడనట్టు ముఖం పెట్టాడు. "కంగారేం లేదు, కొందరికి ఆలస్యమవుతుంది. సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ పోకపోతే ముక్కులోంచి గొట్టం వేసి గాలి తీసేద్దాం."

డాక్టరు వెళ్ళాక ఇన్‌స్పెక్టరు ఒక చేత్తో ముక్కు తడుముకున్నాడు. రెండో చేత్తో బెల్లు నొక్కాడు.

నర్సు వచ్చింది. గెలిచినట్టు చూడలేదు, అంతవరకు ఆయన అదృష్టం. "మీ చెయ్యి మీరే పెట్టుకోండి" అంది. ఆయన తన నాలుగు వేళ్ళు మోకాలిచిప్ప కింద ఆనించుకున్నాడు. ఏడు పాయింట్ ఐదు అని మనసులో అనుకున్నాడు గానీ, పైకి అనలేదు. ఆమె నొక్కింది. జివ్వుమంది. ఒక్కో కాలికి మూడేసి నిమిషాలు, గడియారం చూసి మరీ నొక్కింది. "పూటకి రెండుసార్లు చెయ్యాలి. నాకు ఇంకా పద్దెనిమిది మంచాలున్నాయి. అమ్మగారూ, మీరు నేర్చుకోండి."

భార్య నేర్చుకుంది. కానీ ఆవిడకి మణికట్టు నొప్పి, పైగా ఆయన బాధపడతాడేమోనన్న భయం. ఆవిడ నొక్కుడు నొక్కినట్టు లేదు, నిమిరినట్టుంది. మధ్యాహ్నానికి టేపు తొంభై ఎనిమిదిన్నర చూపించింది. ఆవిడ దిగులుగా ఫ్లాస్కు పట్టుకుని కింద క్యాంటీనుకి వెళ్ళింది.

నాలుగవుతుండగా తెర మెల్లిగా జరిగింది.

"సార్" అన్నాడు కొట్టాయన. "తప్పుగా అనుకోకపోతే, నేను నొక్కుతాను. అమ్మగారి వేలికి బలం చాలడం లేదు. నేను నిన్నట్నించీ చేస్తున్నాగా, చోటు తెలిసిపోయింది."

ఇన్‌స్పెక్టరు గోడగడియారం చూశాడు. గొట్టం గుర్తొచ్చింది. "మీ కుట్లో?" అన్నాడు.

"కూర్చునే చేస్తా. నర్సమ్మనడిగా, వంగకుండా చేస్తే సరేనంది."

కొట్టాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచం చివర్న కూర్చున్న ఇన్‌స్పెక్టరు కాలు స్టూలు మీద దిండేసి పెట్టారు. కొట్టాయన బొటనవేలు కాలి మీద దిగింది. అది వేలు కాదు, పడికట్టు రాయి! జివ్వుమనడం మోకాలి దగ్గర మొదలై మడమ దాకా పాకింది.

కొట్టాయన ఒక కాలు పూర్తిచేసి రెండో కాలు అందుకున్నాడు.

"ఈ వేలేనండీ" అన్నాడు కొట్టాయన, తలెత్తకుండా. "అప్పుడు మీరు పట్టుకున్నది."

"తెలుసు."

"పళ్ళెం అంచు మీద ఇలా ఆనించేవాణ్ణి. ఊరికే. ఆనీ ఆననట్టు."

"పదిహేను గ్రాములు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనకి కేసులన్నీ నోటికి వచ్చు.

"ఇరవై సార్. మీరు వస్తున్నారని చూసి ఐదు తగ్గించా."

ఇన్‌స్పెక్టరు విస్తుపోయాడు. ఏడేళ్ళుగా ఆ ఫైలులో తన చేతి రాతతో ఒక తప్పు అంకె ఉందన్నమాట! "ఇప్పుడు మానేశారా?"

"మానేశాను సార్. దేవుడి మీద ప్రమాణం. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక వేలు పెడితే అంకె తెలిసిపోతోంది."

ఇన్‌స్పెక్టరుకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. లాగితే ఇంకా నవ్వొచ్చింది. పొట్ట అదిమిపట్టుకుని, మూడు రోజుల్లో మొదటిసారి, కళ్ళు మూసుకుని నవ్వాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని కంట్రోలరు గారు లోపలికి వచ్చారు. శాఖకంతటికీ పెద్ద. వెనకాల ఇద్దరు జూనియర్లు, ఒకడి చేతిలో పళ్ళబుట్ట, ఇంకొకడి చేతిలో పూలగుత్తి. ఇన్‌స్పెక్టరు కాలు తియ్యబోయాడు. కొట్టాయన వదల్లేదు.

"ఇంకా నిమిషంన్నర ఉంది సార్."

"కూర్చోండి, కూర్చోండి, లేవకండి" అన్నారు కంట్రోలరు గారు. కొట్టాయన నీలం గౌను చూసి ఫిజియోథెరపీ మనిషి అనుకుని తల పంకించారు. మంచం పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు లేని ఆఫీసు ఎలా ఉందీ, పెట్రోలు బంకుల తనిఖీ ఎక్కడిదక్కడే ఎలా ఆగిపోయిందీ, ఆయన నిజాయతీ కొత్తవాళ్ళకి ఎలా ఆదర్శమో చెబుతున్నారు. జూనియర్లు బుద్ధిగా వింటున్నారు.

ఇన్‌స్పెక్టరు కడుపులో ఎక్కడో ఎవరో బరువైన బల్ల జరిపారు.

ఆయన బిగుసుకుపోయాడు. బల్ల ఇంకాస్త జరిగింది. అది కిందికి, కిందికి, ఒక్కో మెట్టే దిగుతోంది. మూడు రోజులుగా కాచుకుని కూర్చున్నది, కంట్రోలరు గారి ఎదుట వస్తోంది! మేడ మీదికి వెళ్ళడానికి ఇక్కడ ట్యాంకు లేదు. రెండు చేతులతో దుప్పటి పిసికి పట్టుకుని, దవడలు బిగించి, ఉన్న బలమంతా పెట్టి ఆపాడు. నుదుటి మీద చెమట పట్టింది.

కాలు చేతిలో ఉన్నవాడికి ఆ బిగువు తెలియకుండా ఎలా ఉంటుంది? కొట్టాయన తలెత్తి ముఖం చూశాడు. విషయం అర్థమైపోయింది.

"ఆపకండి సార్!" అన్నాడు ఆదుర్దాగా. "ఆపకండి!"

కంట్రోలరు గారు తన మాటలకి ఇంత ఆదరణ ఎప్పుడూ చూడలేదు. ముఖం వికసించింది. "లేదు లేదు, ఆపను. చెప్పాల్సింది చాలా ఉంది" అని గొంతు సవరించుకున్నారు. "ముఖ్యంగా ఈ మనిషిలో నాకు నచ్చే గుణం ఏమిటంటే, నిగ్రహం..."

అప్పుడైంది.

చిన్నగా మొదలైంది, ఎవరో తలుపు ఓరగా తీసినట్టు. తరవాత తలుపు బార్లా తెరుచుకుంది. మూడు రోజుల సరుకు. దానికి ఒక ఎత్తు, ఒక పల్లం, మధ్యలో ఒక మలుపు కూడా ఉన్నాయి. అయిపోయిందనుకున్నాక మళ్ళీ అందుకుంది. ఒక జూనియర్ సీలింగు ఫ్యాను వంక చూస్తున్నాడు. రెండోవాడు పూలగుత్తిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, వాసన చూస్తున్నట్టు. ఒక రకంగా అదీ నిజమే.

ఆగాక, అందరి కళ్ళూ గుమ్మం వైపు తిరిగాయి.

గుమ్మంలో ఫ్లాస్కుతో నిలబడి ఉంది భార్య. "పోయిందా!" అంది. అని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పోయింది! మావారికి పోయిందండీ!" అని కంట్రోలరు గారితోనే చెప్పింది.

నర్సు పరుగున వచ్చింది. చార్టు తీసింది. "టైమెంత?"

ఇన్‌స్పెక్టరు సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఘడియ అది. కానీ అడిగింది లెక్క. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగానికి అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? గడియారం చూసుకున్నాడు. "నాలుగూ పదిహేడు" అన్నాడు స్పష్టంగా.

కంట్రోలరు గారు ఒకసారి జూనియర్ల వైపు, ఒకసారి కిటికీ వైపు చూశారు. చివరికి ముందుకు వంగి చెయ్యి చాపారు.

"కంగ్రాచ్యులేషన్స్" అన్నారు.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు అర గ్లాసు టీ తాగాడు. పంచదార తక్కువ, పాలు లేవు, వేడి కూడా సరిగ్గా లేదు. అంత మంచి టీ జన్మలో తాగలేదని భార్యతో చెప్పాడు. అదే పూట ఆ గదిలో ఒక తగువు కూడా నడిచింది. మూడో రోజుకి మామూలుగా దానంతటదే పోతుందన్నాడు డాక్టరు. మసాజు కొంత సాయం చేసే ఉంటుందంది నర్సు. పొద్దున్నుంచీ తను వెంటపడి నడిపించబట్టేనంది భార్య. కొట్టాయన ఊరికే బొటనవేలు పైకెత్తి దాన్నే చూసుకున్నాడు. అందరూ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు, తీర్పు చెప్పమని.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఇన్ని కారణాలు ఒకేసారి పనిచేస్తున్నప్పుడు దేని వాటా ఎంతో చెప్పలేం. నేను సర్టిఫికెట్ ఇవ్వలేను" అన్నాడు. తరవాత తెర వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "కానీ మీరు నొక్కినప్పుడు హాయిగా ఉంది" అన్నాడు.

ఆ రాత్రి నుంచి తెర వెయ్యలేదు.

నెలకి ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. చేరిన వారానికి ఆ ఏటి తనిఖీల జాబితా బల్ల మీదికి వచ్చింది. మార్కెట్ మూలమీది పచారీ కొట్టు అందులో పద్నాలుగోది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈమధ్య రెండు ఆదివారాలు కొట్టాయన, ఆయన భార్య తమ ఇంటికి భోజనానికి వచ్చారు. ఒక ఆదివారం వీళ్ళు వెళ్ళారు. ఆ కాటా ముందు నిలబడితే తన కన్ను తిన్నగా చూస్తుందా? తిన్నగానే చూస్తుందని గట్టిగా అనలేకపోయాడు.

లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక ఫారం తెచ్చుకున్నాడు. తెలిసినవాళ్ళ దుకాణం తనిఖీకి వచ్చినప్పుడు తనను తప్పించి వేరేవాళ్ళని పంపమని కోరే ఫారం అది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ వాడలేదు, ఎందుకంటే ఆయనకి తెలిసినవాళ్ళంటూ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. దుకాణం వివరాలు నింపాడు. ఐదో గడి దగ్గర కలం ఆగింది. 'సదరు వర్తకునితో సంబంధ స్వభావము.'

బంధువా? కాదు. స్నేహితుడు అని రాసి, ఏడేళ్ళ కిందట కేసు రాసినవాణ్ణి స్నేహితుడంటే జూనియర్లేమనుకుంటారోనని కొట్టేశాడు. వైద్యుడు అనడానికి లేదు. సహరోగి అని రాస్తే జబ్బు పేరులా ఉంది. టీ చల్లారిపోయింది. చివరికి అక్షరాలు కుదురుగా, 'ఇతరములు' అని రాసి, దాని కింద, 'కంట్రోలరు గారికి స్వయముగా తెలియును' అని చేర్చి, పైకి పంపించాడు.

ఫారం పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. కంట్రోలరు గారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంతకం పెట్టారు.